కారులో కూర్చుని బాక్స్ తినకు చెల్లీ, లోపలికి వెళ్ళు

నన్ను సలహా అడుగుతూ ఒక అమ్మాయి లెటర్ రాసింది, ముందు దాన్ని కొంచెం కుదించి పెడుతున్నా, పేరు, ఊరు, కాలేజ్ పేరు తీసేశా.

"అక్కా, నాకు 19. మేము కాలిఫోర్నియాలో సెంట్రల్ వ్యాలీలో ఒక చిన్న టౌన్‌లో ఉంటాం, నాన్న ఇక్కడ హాస్పిటల్‌లో ఐటీ చూస్తారు, గ్రీన్ కార్డ్ వచ్చింది. పోయినేడాది నాకు యూసీలో (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) ఒకచోట సీటు వచ్చింది కానీ అప్పుడే అమ్మకి సర్జరీ, ఇండియాలో తాతయ్య హాస్పిటల్ ఖర్చులు, ఇంక కుదరక ఇంటి పక్కనే ఉన్న కమ్యూనిటీ కాలేజ్‌లో చేరాను. రెండేళ్ళు చదివి యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్‌కి ట్రాన్స్‌ఫర్ అవ్వాలని ప్లాన్. ఒక సెమిస్టర్ అయింది. కాలేజ్ ఎంత చిన్నదంటే ఈ చివర నుంచి ఆ చివరకి ఐదు నిమిషాలు. క్లాసులో చాలామంది నాకంటే పెద్దవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు, క్లాస్ అవ్వగానే ఎవరి దారి వాళ్ళది. నేను గ్యాప్‌లో కారులో కూర్చుని ఫోన్ చూసుకుని, అక్కడే బాక్స్ తినేసి మళ్ళీ క్లాసుకి వెళ్తా. నా ఫ్రెండ్స్ అందరూ పెద్ద యూనివర్సిటీల్లో డార్మ్‌లలో ఉన్నారు, వాళ్ళ రీల్స్ చూస్తే ఏడుపొస్తుంది. ఇప్పుడు స్ప్రింగ్ సెమిస్టర్‌లో తీసుకోవాల్సిన ఫిజిక్స్ క్లాసు తొమ్మిది మందే చేరారని కేన్సిల్ చేసేశారు. సంక్రాంతి ఫంక్షన్‌లో ఒక ఆంటీ ఏ కాలేజమ్మా అంటే 'ఇక్కడే' అనేసి ప్లేట్ పట్టుకుని పక్కకి వెళ్ళిపోయా. నాన్న కోపంలో 'ఊళ్ళో డిప్లొమా చేసినట్టుంది నీ చదువు' అన్నారు. నాన్న ఫ్రెండ్ ఒకాయన లోన్ తీసుకుని ప్రైవేట్ యూనివర్సిటీలో చేర్చెయ్యమంటున్నారు. వెళ్ళిపోనా? ఇంకోటి, ఆన్‌లైన్ హిస్టరీ క్లాసు మధ్యలో చూడటం మానేశాను, ఎఫ్ వచ్చింది, ఇంట్లో చెప్పలేదు."

చెల్లీ,

నీ లెటర్ రాత్రి చదివా, పొద్దున మళ్ళీ చదివా. రీల్స్ గురించి రాశావు, ఫిజిక్స్ గురించి రాశావు, ఆంటీ గురించి రాశావు, ఆ ఎఫ్ సంగతి మాత్రం ఆఖర్న ఒక్క ముక్కలో పెట్టేసి వెళ్ళిపోయావు. నీకు రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వనిది అదేనని నాకు అనిపిస్తోంది, అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడతా.

ఇక్కడ క్లాసుకి వెళ్ళడం మానేస్తే దానంతటదే పోతుందని అనుకోకు రా. నువ్వే పోర్టల్‌లోకి వెళ్ళి డ్రాప్ కొట్టాలి. మొదట్లో ఒక డేట్ ఉంటుంది, ఆలోపు డ్రాప్ చేస్తే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఏమీ పడదు, తర్వాత ఇంకో డేట్ దాకా చేస్తే డబ్ల్యూ (మధ్యలో వదిలేసినట్టు గుర్తు) పడుతుంది, అది కూడా దాటిపోతే ఇంక గ్రేడే. చాలామంది పిల్లలకి ఈ సంగతి ఫస్ట్ సెమిస్టర్‌లో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, ఆన్‌లైన్ క్లాసులో అయితే మరీను, రెండు వారాలు లాగిన్ అవ్వకపోతే అపరాధ భావంతో మూడో వారం అసలు ఓపెన్ చెయ్యబుద్ధి కాదు, అలా జారిపోతుంది. నీకు జరిగింది అదే కదా. సరే, అయిపోయింది. ఇప్పుడు చెయ్యగలిగింది ఏంటంటే, కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో డీ గానీ ఎఫ్ గానీ వచ్చిన కోర్సు మళ్ళీ తీసుకోవచ్చు, పాత గ్రేడ్ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపిస్తూనే ఉంటుంది కానీ జీపీఏ లెక్కలో కొత్త గ్రేడే వస్తుంది, యూసీ వాళ్ళు కూడా అలాగే చూస్తారు. కాబట్టి ఈ స్ప్రింగ్‌లోనే అదే హిస్టరీ మళ్ళీ తీసుకో, కుదిరితే ఆన్‌లైన్‌లో కాకుండా క్లాస్‌రూమ్‌లో తీసుకో. యూసీ అప్లికేషన్‌లో మాత్రం ఆ ఎఫ్ దాచే ప్రయత్నం చెయ్యకు, ప్రతి కాలేజ్‌లో తీసుకున్న ప్రతి కోర్సూ, ప్రతి గ్రేడూ అందులో రాయాలి, దాచి దొరికితే వచ్చిన సీటు కూడా పోతుంది.

ఇంట్లో చెప్పు. ఈ వారమే చెప్పు. మీ నాన్నగారు ఒంటికాలి మీద లేస్తారని నీ భయం, లేస్తారేమో కూడా, అయినా సరే. అమ్మ సర్జరీ అయి, తాతయ్య ఖర్చులు నడుస్తున్న ఇంట్లో ఆయనకి కోపం వచ్చేది నీ మీద కాదమ్మా, పిల్లకి సీటు వచ్చీ పంపలేకపోయానే అన్న బాధ అది, డిప్లొమా మాట అందులోంచే వచ్చింది. సుత్తి లేకుండా మూడు ముక్కల్లో చెప్పెయ్: నాన్నా హిస్టరీలో ఎఫ్ వచ్చింది, మానేసినప్పుడు డ్రాప్ చెయ్యాలని తెలీలేదు, ఈ సెమిస్టర్ మళ్ళీ తీసుకుంటున్నా, జీపీఏలో కొత్తదే లెక్కలోకి వస్తుంది. ఇంక ఆగు. ఆయన ఏం అన్నా ఆ రాత్రికి వాదించకు.

ఇంక ఆ డిప్లొమా మాట దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ నాన్నగారు కోపంలో అన్నా పోలిక మాత్రం చాలా కరెక్ట్‌గా పెట్టారు. మా తమ్ముడు ఖమ్మం నుంచి పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు మా ఇంట్లో కూడా తల కొట్టేసినంత పనయింది, ఇంటర్ చదివించలేకపోయారా అని చుట్టాలు మొహం మీదే అడిగారు. వాడు డిప్లొమా మూడేళ్ళు చేసి, ఈసెట్ రాసి, లేటరల్ ఎంట్రీలో డైరెక్ట్‌గా బీటెక్ సెకండియర్‌లో కూర్చున్నాడు. పక్కన ఎంసెట్ ర్యాంకులతో వచ్చిన పిల్లలు లేత్ మెషీన్ దగ్గర బిక్కమొహం వేసుకుని నిలబడితే వీడే నేర్పేవాడు. వాడి సర్టిఫికెట్ మీద బీటెక్ అని ఉంది, ఎటునుంచి వచ్చాడని ఉండదు. మీ నాన్నగారికి ఈసెట్ పిల్లలు తెలిసే ఉంటారు, బహుశా వాళ్ళ క్లాసులోనే ఉండి ఉంటారు. ఇదీ అలాంటిదే నాన్నా అని చెప్పు, ఆయనకి వెంటనే ఎక్కుతుంది. ఇక్కడ రెండేళ్ళు, అక్కడ రెండేళ్ళు, డిగ్రీ మీద ఆ యూనివర్సిటీ పేరే.

పైగా ఇది ఎవరో దారి తప్పినవాళ్ళ కోసం పెట్టిన సందు కాదు. అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న మొదటి పబ్లిక్ జూనియర్ కాలేజ్ (మన ఇంటర్ కాలేజ్ కాదు, ఇలాంటి రెండేళ్ళ కాలేజే) 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైంది, కాలిఫోర్నియాలో మొదటిది ఎక్కడో తెలుసా, నువ్వున్న ఆ లోయలోనే, ఫ్రెస్నోలో, 1910లో. రైతుల పిల్లలు రైలెక్కి బర్క్‌లీకో స్టాన్‌ఫర్డ్‌కో వెళ్ళలేరు కాబట్టి మొదటి రెండేళ్ళ చదువు ఊళ్ళోనే చెప్పాలన్న ఆలోచన అది. 1960లో రాష్ట్రం పై చదువుల కోసం మాస్టర్ ప్లాన్ అని ఒకటి రాసుకున్నప్పుడు కూడా కమ్యూనిటీ కాలేజ్ నుంచి యూసీకి, సీఎస్‌యూకి (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి) వచ్చేవాళ్ళకి జూనియర్ ఇయర్‌లో, అంటే మూడో ఏడాదిలో, చోటు ఉంచాలని అందులోనే పెట్టారు. ఇప్పుడు ఇలాంటి కాలేజీలు కాలిఫోర్నియాలో 116 ఉన్నాయి, సీఎస్‌యూ డిగ్రీ తీసుకునేవాళ్ళలో దాదాపు సగం మంది వీటిలోంచి వచ్చినవాళ్ళే. ఫీజు యూనిట్‌కి (క్రెడిట్‌కి) 46 డాలర్లు, అంటే ఏడాదికి 30 యూనిట్లు తీసుకున్నా 1,380 డాలర్లు, అదే యూసీలో ఇంటి ఖర్చు, తిండి ఖర్చు పక్కన పెట్టి ట్యూషనే 15 వేల చిల్లర.

ఐలీన్ కాలిన్స్ అని ఒకావిడ గురించి విన్నావో లేదో. న్యూయార్క్ రాష్ట్రంలో ఎల్మైరా అనే ఊళ్ళో పుట్టింది, ఇంట్లో డబ్బు లేదు, పక్కనున్న కార్నింగ్ కమ్యూనిటీ కాలేజ్‌లో చేరి రెండేళ్ళు చదివి 1976లో బయటికొచ్చింది, తర్వాత సిరక్యూస్, తర్వాత ఎయిర్ ఫోర్స్, తర్వాత నాసా. స్పేస్ షటిల్‌కి కమాండర్ అయిన మొదటి మహిళ ఆవిడే, 1999లో. ఆ ట్రిప్‌లో ఆవిడ పైకి తీసుకెళ్ళింది ఏంటంటే చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్, మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టినది. నువ్వు మెకానికల్ అన్నావు కాబట్టి ఆవిడ గుర్తొచ్చింది, ఎప్పుడైనా మనసు బాగోకపోతే ఆ లాంచ్ వీడియో పెట్టుకుని చూడు.

ఇంక నాన్నగారి ఫ్రెండ్ సలహా. వద్దు. గట్టిగానే చెప్తున్నా, వద్దు. మధ్యలో ప్రైవేట్‌కి మారితే నీ యూనిట్లలో ఏవి ఒప్పుకుంటారో ఏవి తీసేస్తారో వాళ్ళిష్టం, ఏడాదికి వేలల్లో లోన్, ఇల్లు ఇప్పటికే బరువు మోస్తోంది, ఇవన్నీ ఎందుకంటే ఆంటీ అడిగినప్పుడు ఒక పేరు చెప్పుకోవడానికి. దానికంటే గ్రీన్ కార్డ్ ఉంది కదా, ఎఫ్ఏఎఫ్ఎస్ఏ, అదే ప్రభుత్వ ఆర్థిక సాయం ఫారం, నింపావా? నింపకపోతే ఈ వారంలో నింపు, మార్చి మొదట్లో రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంట్ డెడ్‌లైన్ ఉంటుంది. కొన్ని ఫీజు మాఫీ స్కీములకి కూడా అదే కావాలి. (హెచ్ 4 మీద, అంటే హెచ్ 1బీ ఉద్యోగుల డిపెండెంట్ వీసా మీద, ఉన్న పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు ఫెడరల్ ఎయిడ్ రాదు, 21 నిండేలోపు స్టేటస్ సంగతి లాయర్‌తో మాట్లాడుకోండి, ఆఖరి నెల దాకా ఉంచుకోకండి.)

ఇప్పుడు ఫిజిక్స్. దీని గురించి ఎక్కువ చెప్తా, ఎందుకంటే చిన్న కాలేజ్‌లో అసలు దెబ్బ తగిలేది ఇక్కడే, నీ బాధలో నిజంగా న్యాయం ఉన్నది కూడా ఇక్కడే. పెద్ద కాలేజ్‌లో ఒక సెక్షన్ పోతే ఇంకో సెక్షన్ ఉంటుంది, చిన్న కాలేజ్‌లో ఆ క్లాసు ఏడాదికి ఒక్కసారి, ఒక్కటే సెక్షన్, అది పోతే దాని వెనకున్న రెండో భాగం, మూడో భాగం అన్నీ గొలుసులా వెనక్కి జరుగుతాయి. ఇలా ఒక్క క్లాసు కోసం ఏడాది పోగొట్టుకున్నవాళ్ళని నేను చూశాను, రెండేళ్ళని చేరి నాలుగేళ్ళకి కూడా ట్రాన్స్‌ఫర్ కాకుండా ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు, అది దాచి నీకు తియ్యటి మాటలు చెప్పను.

కానీ చెయ్యాల్సినవి ఉన్నాయి. అసిస్ట్ డాట్ ఆర్గ్ అని ఒక సైట్ ఉంది, అందులో నీ కాలేజ్ పేరు, వెళ్ళాలనుకున్న యూనివర్సిటీ పేరు, మేజర్ పెడితే ఇక్కడి ఏ క్లాసు అక్కడి ఏ క్లాసుకి సమానమో చూపిస్తుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేముందు అది నువ్వే కూర్చుని చూడు, మూడు నాలుగు యూనివర్సిటీలకి ప్రింట్ తీసుకో, పెన్నుతో గీసుకో. కౌన్సెలర్లు మంచివాళ్ళే, కానీ ఒక్కొక్కరికి వందల మంది పిల్లలు, నర్సింగ్‌కి వెళ్ళేవాళ్ళకి, వెల్డింగ్‌కి వెళ్ళేవాళ్ళకి, ఇంజనీరింగ్‌కి వెళ్ళేవాళ్ళకి అందరికీ వాళ్ళే, ఇంజనీరింగ్‌లో మెలికలు వాళ్ళకి గుర్తుండకపోవచ్చు. వాళ్ళు చెప్పినదాన్ని ఇంటికొచ్చి ఈమెయిల్‌లో రాసి, నేను అర్థం చేసుకున్నది ఇదేనా అని పంపు, వాళ్ళు అవునని రిప్లై ఇస్తే దాచుకో. ఆ తర్వాత పక్క టౌన్‌లో పెద్ద కాలేజ్ ఉంటుంది కదా, గంట డ్రైవ్ అయినా సరే, అక్కడ ఫిజిక్స్ మొదటి భాగం ఈ స్ప్రింగ్‌లో గానీ సమ్మర్‌లో గానీ ఉందేమో చూడు, రాష్ట్రంలో అన్ని కమ్యూనిటీ కాలేజీలకీ అప్లికేషన్ ఒకటే అకౌంట్‌తో అయిపోతుంది, యూనిట్ ధరా అదే. సమ్మర్‌లో మొదటిది అయిపోతే ఫాల్‌లో మీ కాలేజ్‌లోనే రెండోది, వచ్చే స్ప్రింగ్‌లో మూడోది, నీ రెండేళ్ళ లెక్క అలాగే నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త, సీరీస్‌లో మొదటి భాగం ఒక కాలేజ్‌లో, మిగతావి ఇంకో కాలేజ్‌లో చేస్తే కొన్ని యూనివర్సిటీలు పేచీ పెడతాయి, సిలబస్ సరిపోలేదంటాయి, కాబట్టి చేరేముందు ఆ ఆర్టిక్యులేషన్ సంగతి, అంటే ఇక్కడి క్లాసు అక్కడ చెల్లుతుందా లేదా అన్నది, అడిగి, అదీ రాతపూర్వకంగా తీసుకో.

టాగ్ గురించి విన్నావా, కమ్యూనిటీ కాలేజ్ పిల్లలకి యూసీ ముందే సీటు గ్యారంటీ ఇచ్చే ఒప్పందం అది? సెప్టెంబర్ నెలంతా ఆ ఫారం తెరిచి ఉంటుంది, డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు యూసీ క్యాంపస్‌లలో ఒక్కదానికి పెట్టుకోవచ్చు, వాళ్ళు చెప్పిన కోర్సులు, జీపీఏ ఉంటే సీటు గ్యారంటీ. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగోకి టాగ్ లేదు, ఉన్నచోట కూడా ప్రతి మేజర్‌కీ ఉండదు, అందుకని మెకానికల్‌కి ఎక్కడుందో ఇప్పుడే చూసి పెట్టుకో. మామూలు యూసీ అప్లికేషన్ నవంబర్ ఆఖరుకి. ఇవి రెండూ ఈ ఏడాదే, అంటే నీకు ఎనిమిది నెలలే టైముంది. ఒకవేళ ఫిజిక్స్ ఎక్కడా దొరక్క మూడో ఏడాది పట్టిందనుకో, పట్టనీ. ఇరవై రెండేళ్ళకి ట్రాన్స్‌ఫర్ అయితే ఏం కొంప మునగదు.

ఇదంతా చేసేముందు ఇంకో పని ఉంది. తొమ్మిది మందే చేరారని క్లాసు తీసేశారని రాశావే, ఆ తొమ్మిది మంది ఎవరో నీకు తెలుసా? ఒక్కళ్ళ పేరైనా?

నేను ఇది ఎందుకు అడుగుతున్నానో చెప్తా. నేను డిగ్రీ సెకండియర్‌లో పెళ్ళయి హెచ్ 4 మీద ఈ లోయలోకే వచ్చా. 2010లో కమ్యూనిటీ కాలేజ్‌లో చేరా, అప్పుడు యూనిట్ 26 డాలర్లు. ఇంగ్లీష్ చదవడం వచ్చు, మాట్లాడాలంటే నోరు పెగిలేది కాదు. నువ్వు రాశావు చూడు, కారులో కూర్చుని బాక్స్ తింటానని, ఆ లైన్ దగ్గర నేను ఆగిపోయా, ఎందుకంటే నేను ఒక సెమిస్టర్ మొత్తం అలాగే తిన్నాను. పులిహోర, పెరుగన్నం, ఒక్కోసారి రాత్రి మిగిలిన వంకాయ కూర, లోపల మైక్రోవేవ్‌లో పెడితే వాసనొస్తుందని ఎవరైనా ఏమైనా అనుకుంటారని కారు అద్దాలు కొంచెం దించుకుని చల్లగానే తినేసేదాన్ని. డిసెంబర్‌లో మన లోయలో ఆ టూలీ ఫాగ్ పడుతుంది కదా, ముందు బండి లైట్లు కూడా కనపడవు, అలాంటి రోజు ఒకటి, చలికి ఇంజన్ ఆన్ చేసుకుని తింటున్నా, ఎవరో అద్దం మీద టకటకా కొట్టారు. గుండె గుభేల్‌మంది. చూస్తే మా అకౌంటింగ్ క్లాసులో వెనక వరసలో కూర్చునే మెక్సికన్ ఆవిడ, యాభై ఉంటాయి, బాదం ప్యాకింగ్ చేసేచోట రాత్రి షిఫ్ట్ చేసి పొద్దున క్లాసుకి వచ్చేది. బండి స్టార్ట్ అవ్వట్లేదా, కేబుల్స్ తేనా అని అడిగింది. లేదు, తింటున్నా అన్నాను. ఆవిడ నా చేతిలో డబ్బా చూసింది, నా మొహం చూసింది, ఇంకేం అడగలేదు, ట్యూటరింగ్ సెంటర్‌లో హీటర్ ఉంది రా అంది.

ఆ రూమ్ ఎంత ఉంటుంది, మన ఇళ్ళలో హాల్ అంత. నాలుగు బల్లలు, ఒక మూల మైక్రోవేవ్, ఒక మాథ్ ట్యూటర్. ఆవిడ తన డబ్బా తీసింది, నేను నా పులిహోర తీశా, పసుపు చూసి ఇదేంటని అడిగింది, కాస్త పెట్టా, ఆవిడ తన రొట్టె ముక్క పెట్టింది. తిన్నాక పుస్తకం తెరిచి, డెబిట్ ఎడమ వైపు ఎందుకు రాయాలో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, నీకు అర్థమైందా అని అడిగింది. నాకు అర్థమైంది. వచ్చీరాని ఇంగ్లీష్‌లో చెప్పా, చేత్తో బల్ల మీద గీసి చూపించా. అమెరికా వచ్చాక నేను ఒకరికి ఏదైనా నేర్పడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి మూడు సెమిస్టర్లు ఆవిడా నేనూ అదే బల్ల దగ్గర చదువుకున్నాం.

2011లో రాష్ట్రం కాలేజీల బడ్జెట్ కోసేసిన రోజుల్లో మా మేనేజీరియల్ అకౌంటింగ్ సాయంత్రం క్లాసు తీసేస్తామన్నారు, పదకొండు మందిమి. అది లేకపోతే నాకు ఫ్రెస్నో స్టేట్‌కి ట్రాన్స్‌ఫర్ లేదు. ఆవిడే అందర్నీ పోగుచేసింది, కారిడార్‌లో నిలబడి ఒక్కొక్కరి ఫోన్ నంబర్ తీసుకుంది, అందరం కలిసి ఒక కాగితం రాశాం, ఎవరికి ఎందుకు ఆ క్లాసు కావాలో పేరు పక్కన ఒక్కో లైన్, నాకు ట్రాన్స్‌ఫర్‌కి, ఒకతనికి ఉద్యోగంలో ప్రమోషన్‌కి, ఇలా. డివిజన్ ఆఫీస్‌కి వెళ్ళి డీన్ చేతికి ఇచ్చాం. చిన్న కాలేజ్ కాబట్టి డీన్ అక్కడే ఉంది, అపాయింట్‌మెంట్ లేదు, సెక్యూరిటీ లేదు, తలుపు తీసే ఉంది. వారం తర్వాత టైమ్ మార్చి క్లాసు ఉంచారు. ప్రతిసారీ ఇలా అవుతుందని నేను అనను, చాలాసార్లు కాదు. కానీ పదకొండు మంది పేర్లు కాగితం మీద చూడటం వేరు, స్క్రీన్ మీద పదకొండు అనే అంకె చూడటం వేరు.

చిన్న కాలేజ్‌లో ఉన్న మంచి అంతా ఇలాంటిదే, దగ్గరికి వెళితేనే అందుతుంది. నీ ఫ్రెండ్ పెద్ద యూనివర్సిటీలో మూడొందల మంది కూర్చునే హాల్లో కెమిస్ట్రీ వింటోంది, డౌట్ వస్తే టీచింగ్ అసిస్టెంట్‌ని అడగాలి. నీ క్లాసులో పాతిక మంది. నీ కాల్క్యులస్ ప్రొఫెసర్‌కి ఆఫీస్ అవర్స్ ఉంటాయి, సిలబస్‌లో రాసి ఉంటుంది, చాలాసార్లు ఆ గంట అంతా ఆయన ఖాళీగా కూర్చుంటారు, ఎవరూ రారు. నా ఇంగ్లీష్ టీచర్ నా మొదటి వ్యాసం మీద, నువ్వు ఏదో ముఖ్యమైనది చెప్పాలని చూస్తున్నావు, నాకు అందలేదు, వచ్చి నోటితో చెప్పు అని పెన్సిల్‌తో రాసి ఇచ్చింది. వెళ్ళా. మా అమ్మమ్మ మిరపకాయల కల్లం గురించి అరగంట మాట్లాడా, ఆవిడ అలా వింటూ కూర్చుంది, ఇప్పుడు చెప్పినట్టే రాయి అంది. అందరూ ఇలా ఉంటారని కాదు, కొంతమంది పార్ట్‌టైమ్ వాళ్ళు, ఒక కాలేజ్‌లో పొద్దున, ఇంకో కాలేజ్‌లో సాయంత్రం, ఫ్రీవే మీదే సగం జీవితం గడిచిపోతుంది వాళ్ళకి, పాపం ఆఫీస్ రూమ్ కూడా ఉండదు, వాళ్ళని క్లాస్ అయిన ఐదు నిమిషాల్లోనే పట్టుకోవాలి. కానీ ఫుల్‌టైమ్ వాళ్ళలో ఒక్కరైనా నీ పేరు తెలిసినవాళ్ళు ఉండాలి. స్కాలర్‌షిప్‌లకి రికమెండేషన్ లెటర్ కావాల్సి వచ్చినప్పుడు, ఉదాహరణకి జాక్ కెంట్ కుక్ ఫౌండేషన్ కమ్యూనిటీ కాలేజ్ నుంచి ట్రాన్స్‌ఫర్ అయ్యేవాళ్ళకి ఏడాదికి 55 వేల డాలర్ల దాకా ఇస్తుంది, అలాంటి వాటికి నిన్ను ఎరిగినవాళ్ళే రాయాలి, కారులో కూర్చున్న పిల్ల గురించి ఎవరు రాస్తారు చెప్పు.

ఫ్రెండ్స్ సంగతి. నువ్వు కోరుకున్న డార్మ్ స్నేహాలు ఇక్కడ దొరకవు, అది ఒప్పుకోవాల్సిందే, దానికి ఏడుపొస్తే ఏడువు, అందులో తప్పేం లేదు. ఇక్కడ దొరికేవి వేరే రకం. నీ పక్కన కూర్చున్న ముప్పై ఐదేళ్ళాయన ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపి వస్తున్నాడు, ఆయనకి నీతో కాఫీకి వచ్చే టైమ్ లేదు, కానీ ఆయన ఒక్క క్లాసు మిస్ అవ్వడు, ఎందుకంటే ఆ సీటు కోసం ఆయన ఒక షిఫ్ట్ వదులుకుని వచ్చాడు. అలాంటివాళ్ళ పక్కన కూర్చుని చదివితే చదువు ఒంటికి పడుతుంది. ఆ హిస్టరీ క్లాసు నువ్వు ఇంట్లో ఒక్కదానివే కాకుండా ఇంకొకరితో కలిసి చేసి ఉంటే ఎఫ్ దాకా వెళ్ళేది కాదని నా నమ్మకం.

ఆంటీలకి ఏం చెప్పాలని అడగలేదు గానీ చెప్తా. ఈసారి అడిగితే కాలేజ్ పేరు పూర్తిగా చెప్పు, ఇక్కడే అని నసగకు. ఫలానా కాలేజ్‌లో ఇంజనీరింగ్ ట్రాన్స్‌ఫర్ చేస్తున్నా ఆంటీ, వచ్చే నవంబర్‌లో యూసీలకి అప్లై చేస్తా అను. అలా చెప్తే వాళ్ళలో కనీసం ఒక్కరు పక్కకి పిలిచి, మా వాడికి కూడా సీటు రాలేదమ్మా, ఆ ట్రాన్స్‌ఫర్ ఎలా చెయ్యాలో కొంచెం చెప్తావా అని అడుగుతారు, నాకు ప్రతి ఉగాదికీ అడుగుతూనే ఉన్నారు.

కాబట్టి సోమవారం పని ఇది. కాలేజ్‌కి ఒక గంట ముందు వెళ్ళు. సైన్స్ డివిజన్ ఆఫీస్‌లో అడుగు, కేన్సిల్ అయిన ఫిజిక్స్ క్లాసులో ఉన్న మిగతా వాళ్ళకి నా మెసేజ్ ఒకటి పంపగలరా అని. వాళ్ళు పేర్లు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా, కానీ నువ్వు రాసిన ఈమెయిల్‌ని వాళ్ళ తరఫున పంపమంటే పంపొచ్చు. లేకపోతే కాల్క్యులస్ క్లాసు మొదలయ్యేముందు లేచి నిలబడి, ఇక్కడ ఎవరెవరికి ఫిజిక్స్ పోయింది అని గట్టిగా అడుగు, చేతులు లేస్తాయి. నిన్ను తీసేస్తే ఇంకో ఎనిమిది మంది ఉన్నారు ఆ ఊళ్ళో, నీలాగే ఈ వారం దిగాలుగా ఉన్నవాళ్ళు, అందులో ఇద్దరు ముగ్గురైనా పక్క టౌన్‌కి వెళ్దాం అనుకుంటూ ఉంటారు, ఒకే కారులో వెళ్ళొచ్చు, పెట్రోల్ పంచుకోవచ్చు. బాక్స్‌లో అమ్మని కొంచెం ఎక్కువ పెట్టమను.